పట్టుపురుగుల అరలో ప్రభుత్వ పాలన

నేను ఒక పుస్తకాన్ని. ప్రభుత్వ పాలనా శాస్త్రం మీద తెలుగులో అచ్చయిన నాలుగు వందల పన్నెండు పేజీల పాఠ్యపుస్తకాన్ని. నాకు ఓర్వలేనితనం జాస్తి. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. పుస్తకాలంటే మీకొక భ్రమ ఉంటుంది, జ్ఞానం మోసుకుంటూ అరల్లో శాంతంగా నిలబడి ఉంటాయని. ఒక్క పూట మా మధ్య నిలబడి చూడండి. పక్కపుస్తకం మీద ఎవరైనా చెయ్యి వేస్తే మాకు ఆ పూటంతా ఏడుపే. రెండు పేజీలు తిప్పి మళ్ళీ పెట్టేస్తే ఆ రోజంతా పండగే.

నేను పుట్టింది 1979లో, హైదరాబాదులో, ఒక ఇరుకు సందులోని అచ్చాఫీసులో. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి నన్ను పేర్చిన మనిషి ‘క్రమశ్రేణి’ అన్న మాట వచ్చినప్పుడల్లా ఏదో గొణుక్కునేవాడు. క్రమశ్రేణి అంటే పైవాడు కిందివాడికి చెప్పడం, ఆ కిందివాడు తన కిందివాడికి చెప్పడం. ఆ అచ్చాఫీసులో అందరికన్నా కిందివాడు అతనే. అందుకని ఆ అధ్యాయం నన్ను రాసినాయన కన్నా అతనికే బాగా తెలుసు. రాసినాయన పేరేమిటో ఇప్పుడు నేను చెప్పలేను. నా మొదటి నాలుగు పేజీలు ఊడిపోయి చాలా కాలమైంది.

అక్కడినుంచి చెక్కపెట్టెలో రాయలసీమకు వచ్చాను. ఊరికి దూరంగా, రాళ్ళగుట్టల మధ్య, వేపచెట్లు తప్ప వేరే నీడ లేని చోట ఒక విశ్వవిద్యాలయం. దాని గ్రంథాలయంలో నా వెన్ను మీద తెల్ల రంగుతో 350 అని రాశారు. లోపల ‘రిఫరెన్సు, బయటికి ఇవ్వబడదు’ అని ముద్ర కొట్టారు. ఆ ముద్ర నన్ను ముంచింది. ఇంటికిచ్చే పుస్తకాలు బస్సులెక్కి తిరిగేవి. హాస్టలు గదుల్లో దిండ్ల కింద పడుకునేవి. ఒంటి మీద చారు మరకలతో, పేజీల మధ్య జడపిన్నులతో తిరిగొచ్చి మా ముందు గొప్పలు పోయేవి. నేను ఏ దిండు కిందా పడుకోలేదు. ఒక్క చారు మరక కోసం పుస్తకం ఎంత కుళ్ళుకోగలదో మీకు తెలియదు.

నా కుడిపక్కన ఢిల్లీ నుంచి వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. మా ఇద్దరిదీ ఒకటే శాస్త్రం. అది నాకన్నా లావు, నిగనిగలాడే అట్ట. అధ్యాపకులంతా వచ్చి దాన్నే తీసేవారు. తెలుగులో పాఠం చెప్పేవాళ్ళు కూడా దాన్నే తీసి, కష్టపడి తెలుగు చేసుకుని, క్లాసులో చెప్పేవారు. ఆ తెలుగు నాలో తయారుగా ఉంది, చేతికందే ఎత్తులో ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

నన్ను మొదట ఆసాంతం చదివింది అధ్యాపకుడు కాదు, విద్యార్థీ కాదు. గ్రంథాలయంలో అటెండరుగా పనిచేసే ఓబులేసు. అప్పట్లో అతను దూరవిద్యలో బి.ఏ. కట్టాడు. మధ్యాహ్నం అన్నాల తరువాత జనం పలచబడ్డ వేళ నన్ను తీసుకుని కిటికీ పక్కన కూర్చునేవాడు. చేతిలో ఎర్ర పెన్సిలు. ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగి, పెదవి కొరుక్కుని, కింద గీత గీసేవాడు. గీత పడినప్పుడల్లా నేను పొంగిపోయేదాన్ని. తరువాత తెలిసింది, అతను గీస్తున్నది నచ్చిన వాక్యాల కింద కాదు, అర్థం కాని వాక్యాల కింద అని. ఎవరినన్నా అడగాలని గుర్తు పెట్టుకునేవాడు. ఎవరినీ అడగలేదు. అటెండరు వెళ్ళి ప్రొఫెసరును ‘నియంత్రణ పరిధి’ అంటే ఏమిటని అడగడానికి మా గ్రంథాలయపు క్రమశ్రేణి ఒప్పుకోదు.

పది పన్నెండేళ్ళు గడిచాయి. పిహెచ్‌డి ప్రవేశ పరీక్షకు ప్రశ్నపత్రం తయారు చేసేది శాఖాధిపతి నంజుండయ్య సార్. ఆయన కూడా ఇక్కడే చదువుకున్నాడు. ఏ బ్యాచిలోనో ఒకడు ఈ రెండు సంగతులకూ నా ఎర్రగీతలను ముడిపెట్టాడు. ఆ గీతలు నంజుండయ్య సార్ విద్యార్థిగా ఉన్నప్పుడు గీసినవట, ప్రశ్నలన్నీ వాటిలోంచే వస్తాయట. ఇక చూడండి. మే నెల వచ్చిందంటే నా కోసం తోపులాట. వచ్చినవాళ్ళు గీత ఉన్న వాక్యం రాసుకునేవారు, గీత లేని వాక్యం మీంచి దాటిపోయేవారు. ఓబులేసుకు అర్థం కానిదంతా ఆ చుట్టుపక్కల జిల్లాల మేధావులు బట్టీ పట్టారు. వాళ్ళలో కొందరికి సీట్లు కూడా రావడంతో నమ్మకం ముదిరింది. ఓబులేసు ఆ తోపులాట చూస్తూ మీసంలో నవ్వుకునేవాడు, నిజం చెప్పేవాడు కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. నా ఒంటి మీద ఉన్న గీతలను చూసి నేనే అసూయపడే గతి పట్టింది.

అలాంటి రోజుల్లో సుంకులమ్మ వచ్చింది. అది 2001. ఆలూరు దగ్గర పల్లె ఆమెది. ఒకటో తరగతి నుంచి ఎం.ఏ. దాకా తెలుగు మీడియం. ప్రభుత్వ పాలనలో ఎం.ఏ. ముగించి, పిహెచ్‌డి పరీక్షకు చదువుతోంది. సన్నగా, పొడుగ్గా ఉండేది. చదువుతుంటే పెదవులు కదిలేవి. ఆమె నన్ను ఐదో పేజీ నుంచి, అంటే మిగిలి ఉన్న మొదటి పేజీ నుంచి, చివరి పేజీ దాకా వరసగా చదివింది. గీత ఉందని ఆగలేదు, లేదని దాటలేదు. నాకు వయసు మళ్ళాక కలిగిన మొదటి ప్రేమ అది.

నాలో పదకొండో అధ్యాయం ఒకటి ఉంది. ‘గ్రామ పాలన: కరణాలు, మునసబులు’. కరణం ఏ కాగితాలు చూసేవాడు, మునసబు ఏ తగవులు తీర్చేవాడు, తలారి ఎవరి వెంట నడిచేవాడు, ఎవరి చేత తిట్లు తినేవాడు అన్నీ వివరంగా ఉన్నాయి. నేను అచ్చయిన ఐదేళ్ళకు ప్రభుత్వం ఆ పదవులే ఎత్తేసింది. ఇంగ్లీషు పుస్తకంలో వాటికి పావు పేజీ కూడా లేదు. సుంకులమ్మ ఆ అధ్యాయం చదువుతూ ఒకచోట వేలు పెట్టి ఆగిపోయింది. పక్కనున్న స్నేహితురాలిని మోచేత్తో పొడిచింది.

“మా జేజినాయన, మా నాయనకు నాయన, తలారి మే. మా ఇంటోళ్ళ గురించి అచ్చులో ఉండేది ఈ పుస్తకంలోనే.”

ఆ స్నేహితురాలి పేరు భూలక్ష్మి. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్ల, చదువంతా ఇంగ్లీషులో. ఇద్దరిదీ హాస్టల్లో ఒకటే గది, ఒకటే పరీక్ష. భూలక్ష్మికి తెలుగు అచ్చు చదవాలంటే కూడబలుక్కోవాల్సిందే. అందుకని సుంకులమ్మ నన్ను లోగొంతుకతో చదివి వినిపించేది. బదులుగా భూలక్ష్మి ఆ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీసి సుంకులమ్మకు విడమరిచి చెప్పేది. అంటే నా ప్రియురాలు నన్ను తీసుకెళ్ళి ఇంకొకరికి వినిపిస్తుంది, ఆ ఇంకొకరు నా శత్రువును తెచ్చి ఆమె ముందు పెడుతుంది. ఇంతకన్నా కడుపుమంట ఉంటుందా? సుంకులమ్మ ఇంగ్లీషు పుస్తకం మీదికి వంగినప్పుడల్లా నా అట్ట తనంతట తానే మూసుకుపోయేది. బైండింగు వదులైందని అనుకునేవారు వాళ్ళు.

పరీక్షల కాలంలో మా గ్రంథాలయంలో కుర్చీ దొరకడం కష్టం. అక్కడొక ఆచారం ఉండేది. ఇద్దరిలో ఎవరు ముందు వస్తే వాళ్ళు పక్క కుర్చీ మీద బ్యాగు పెట్టి ఆపాలి. ఎవరో ఒకరు వచ్చి, “ఇక్కడ ఎవరన్నా ఉండారా?” అని అడుగుతారు. తల ఎత్తకుండా, “వస్తాది,” అనాలి. అంతే, అడిగినవాళ్ళు మారుమాట లేకుండా వెళ్ళిపోతారు. ఒకరోజు సుంకులమ్మ బ్యాగు, ఒకరోజు భూలక్ష్మి బ్యాగు. “వస్తాది” అన్న మాట రోజూ వినీ వినీ నా చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా రాకుండా ఉన్నది లేదు.

ఒక మధ్యాహ్నం భూలక్ష్మి నా ఎర్రగీతలను చూసి కష్టపడి తెలుగులో రాసుకుంటుంటే ఓబులేసు దగ్గరకు వచ్చాడు. అప్పటికి అతని మీసం నెరిసింది.

“అవి రాసుకోవద్దు పాపా. నంజుండయ్య సారు గీసినవి కాదు అవి. నేను గీసినవి. నాకు అర్థం కానికాడంతా గీసుకున్యా.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వు తగ్గాక సుంకులమ్మ మెల్లగా అంది, “ఎవరికీ చెప్పొద్దన్నా. గీతలు చదివేటోళ్ళను గీతలే చదవనీ.” ఓబులేసు సరేనన్నాడు. పోటీ అంటే ఏమిటో ఆ మాటలో ఉంది. అప్పటికి అది ఇద్దరూ కలిసి లోకం మీద చేస్తున్న పోటీ కాబట్టి ఎవరికీ తప్పుగా తోచలేదు.

జూన్ మొదటి వారంలో నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఆ ఏడు ప్రభుత్వ పాలన శాఖలో పిహెచ్‌డి సీటు ఒక్కటే.

ఆ రోజు వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు గానీ సుంకులమ్మ పెదవులు కదల్లేదు. నా ఇరవయ్యో పేజీ గంటసేపు తెరిచే ఉంది. సీటు రాకపోతే నెలాఖరుకల్లా హాస్టలు గది ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోవాలి ఆమె. మళ్ళీ ఏడాది దాకా పట్నంలో ఉండి చదువుకునే ఆసరా లేదు. భూలక్ష్మికి గుంతకల్లులో ఇల్లుంది, రైలెక్కితే గంటన్నర. పైగా అంతకు ముందు వారం సెమినారులో నంజుండయ్య సార్ భూలక్ష్మి మాట్లాడిన ఇంగ్లీషు విని, “ఇట్ల మాట్లాడల్ల,” అని అందరి ముందూ మెచ్చుకున్నాడట. మెచ్చుకున్నప్పుడు సుంకులమ్మ చప్పట్లు కొట్టిందట. ఆ చప్పట్ల గురించి భూలక్ష్మే సంతోషంగా చెప్తుంటే విన్నాను. చప్పట్లు కొట్టిన చేతులు నా అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకు తెలుసు. అసూయ వాసన నాకు బాగా ఎరుక.

“పదకొండో చాప్టరు ఇంగ రెండుతూర్లు చదివి వినిపించు మే,” అంది భూలక్ష్మి. “నాకు అదొక్కటే నిలవడంల్యా. కరణం చేసేది మునసబుకు, మునసబు చేసేది కరణానికి రాస్తాండా.”

“రేపు చదువుదాం,” అంది సుంకులమ్మ.

మరునాడు పొద్దున గ్రంథాలయం తలుపులు తెరవగానే ఆమె ఒక్కతే వచ్చింది. కుర్చీ దగ్గరకు పోలేదు, బ్యాగు పెట్టలేదు. నేరుగా వచ్చి నన్ను తీసి, చున్నీ కింద పెట్టుకుని, మెట్లెక్కి పై అంతస్తుకు నడిచింది. తూర్పు మూలన పట్టుపురుగుల పెంపకం శాఖ పుస్తకాలుండేవి. ఆ శాఖలో అప్పటికే విద్యార్థుల కన్నా అధ్యాపకులు ఎక్కువ. ఆ అరల మీద దుమ్ము వేలు మందాన ఉండేది. రెండో వరసలో మల్బరీ తోటల పుస్తకాల వెనక, గోడకు ఆనించి నన్ను నిలబెట్టింది. ముందున్న పుస్తకాలు సర్దింది.

నిజం చెప్తున్నాను. నాకు సిగ్గు వేయలేదు, జాలి కలగలేదు. ఒళ్ళు పులకరించింది. నన్ను ఒకరు దాచుకున్నారు. ఇంకొకరి కళ్ళు పడకుండా, ఇంకొకరి వేలు తగలకుండా, నాకోసం తప్పు చేసి మరీ దాచుకున్నారు. దిండు కింద పడుకున్న పుస్తకాలకు కూడా ఇంత భాగ్యం దక్కలేదనుకున్నాను.

ఆ తరువాత పది రోజులు నా స్వర్గం. భూలక్ష్మి మెస్సుకు వెళ్ళిన వేళో, స్నానానికి వెళ్ళిన వేళో చూసుకుని సుంకులమ్మ పైకి వచ్చేది. ఆ మూల ఒక పాత బల్ల ఉండేది. దాని మీద నన్ను పరిచి పదకొండో అధ్యాయం చదివేది. భూలక్ష్మి లేదు, ఇంగ్లీషు పుస్తకం లేదు. ఒకసారి ఓబులేసును వెంటబెట్టుకుని భూలక్ష్మి పై అంతస్తంతా వెతికింది. నాకు రెండు మూరల దూరంలో నిలబడి, “పట్టుపురుగుల కాడ ఎందుకుంటాదిలే అన్నా,” అని వెనక్కు తిరిగింది. నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ వారమే గ్రంథాలయం రిజిస్టరులో నా నంబరుకు ఎదురుగా ‘కనబడుట లేదు’ అని రాశారు.

పదకొండో రోజు సుంకులమ్మ చదువుకుంటుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆమె నన్ను చటుక్కున ఒళ్ళోకి లాక్కుని పైన చున్నీ కప్పింది. వచ్చింది భూలక్ష్మి. చేతిలో లావుపాటి నోటుబుక్కు, గోధుమరంగు కాగితంతో అట్ట వేసి ఉంది.

“ఇక్కడుండావా? హాస్టలంతా వెతికితి కదమ్మే.”

“కింద జనం ఎక్కువుండారు. ఇక్కడ సల్లగుండాది.”

భూలక్ష్మి నోటుబుక్కును బల్ల మీద పెట్టింది. “ఆ పుస్తకం ఇంగ దొరికేట్టు లేదు. నాకన్నా ఇంగ్లీషుది ఉండాది, నీకు తెలుగులో ఏముండాది? అందుకే ఆ లావు బుక్కులో ఉండేదంతా తెలుగులో రాసినా. పదిరోజులు పట్టింది. నా తెలుగు చూసి నవ్వొద్దు. నూతన ప్రభుత్వ నిర్వహణ అని కొత్త చాప్టరుండాది చూడు, అది బాగా చదువు. సారు దాంట్లోనుంచి అడుగుతాడని నాకనిపిస్తాంది.”

“మల్ల నీ చదువు?” అంది సుంకులమ్మ. చున్నీని నా మీదికి ఇంకాస్త లాక్కుంది.

“రాసేటప్పుడు నాకు రివిజనే కదా.” భూలక్ష్మి లేచింది. “కరణాలదొక్కటే నాకు కుదరల్యా. పోనీలే, అది వస్తే నా కర్మ.”

ఆమె మెట్లు దిగిపోయింది. సుంకులమ్మ నా మీదికి వంగింది. నా మీద రెండు వెచ్చటి చుక్కలు పడ్డాయి, చున్నీ తడిసి అట్ట దాకా వచ్చాయి. లేచి వెంట పరిగెత్తుతుందనుకున్నాను. మెట్ల దాకా వెళ్ళింది కూడా. అక్కడ నిలబడి, కిందికి చూసి, తిరిగొచ్చింది. నన్ను మల్బరీ పుస్తకాల వెనక ఉన్నచోటనే పెట్టింది. నోటుబుక్కును గుండెలకు హత్తుకుని వెళ్ళింది. నన్ను ఆమె ఎప్పుడూ అలా పట్టుకోలేదు.

ఆ రోజు పుట్టిన అసూయ ముందు ఇంగ్లీషు పుస్తకం మీద ఏడ్చిన ఏడుపు ఏపాటిది! దానికి కనీసం అచ్చుంది, అట్టుంది, ఢిల్లీ నుంచి వచ్చానన్న గొప్పుంది. ఇది బాల్‌పెన్నుతో రాసిన తప్పుల తడక. వంకర గుణింతాలు, కొట్టివేతలు. దాన్ని ఆమె హాస్టలుకు తీసుకెళ్ళింది. దిండు కింద పెట్టుకునే ఉంటుంది. ఆమె మళ్ళీ ఆ మూలకు రాలేదు.

పరీక్ష సంగతి ఓబులేసు నోట విన్నాను, దుమ్ము దులపడానికి వచ్చి ఇంకో అటెండరుతో చెప్తుంటే. రెండు పెద్ద ప్రశ్నలు వచ్చాయట. ఒకటి నూతన ప్రభుత్వ నిర్వహణ. రెండోది ఆంధ్రదేశంలో పాతకాలపు గ్రామ పాలన. మొదటిది నోటుబుక్కులో ఉంది, నాలో లేదు. రెండోది నాలో ఉంది, నోటుబుక్కులో లేదు. రెండూ చదివింది సుంకులమ్మ ఒక్కతే. మూడు మార్కుల తేడాతో సీటు ఆమెకు వచ్చింది. భూలక్ష్మి పెట్టె సర్దుకుని గుంతకల్లు రైలెక్కింది. ఎర్రగీతల్లోంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదని ఓబులేసు నవ్వాడు. నేను మాత్రం ఆ విజయంలో నా వాటా ఎంత, ఆ నోటుబుక్కు వాటా ఎంత అని చాన్నాళ్ళు తగవు పడుతూ కూర్చున్నాను. ఓడిపోయిన పిల్ల గురించి ఆలోచించడానికి నాకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఏళ్ళకేం తక్కువ, ఇరవై ఏళ్ళు గడిచాయి. నన్ను దాచుకున్నారన్న సంబరం మొదటి వానాకాలానికే చల్లారింది. చెద అంచులు కొరికింది. పట్టుపురుగుల పుస్తకాలు మంచివే గానీ వాటికి రెండే విషయాలు తెలుసు, తినడం, గూడు అల్లుకోవడం. తన చుట్టూ తానే గూడు కట్టుకున్న పురుగు చివరికి మరిగే నీళ్ళలో పడుతుందని పక్క పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు సుంకులమ్మ గుర్తొచ్చేది. ఆమె ఈ భవనంలోనే తిరుగుతోందని తెలుసు. ఆమె డాక్టరు సుంకులమ్మ అయిందనీ, అదే శాఖలో పాఠాలు చెప్తోందనీ మాటల్లో విన్నాను. ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు.

చివరికి పట్టుపురుగుల శాఖ మూసేశారు. ఆ మూలన కంప్యూటర్లు పెడతారట. పుస్తకాలన్నిటినీ నైలాను తాళ్ళతో కట్టలు కట్టి వరండాలో పడేశారు, మరునాడు పాత కాగితాల లారీ వస్తుందన్నారు. నేను ఒక కట్ట అడుగున ఉన్నాను. మా మీద ఎండ పడుతుండగా ఒకామె వచ్చి నేల మీద కూర్చుని కట్టలు విప్పడం మొదలుపెట్టింది. మెడలో గుర్తింపు కార్డు, తలలో తెల్లవెంట్రుకలు. పేర్లు చూస్తుంటే పెదవులు కదులుతున్నాయి. గుర్తుపట్టాను.

ఏడో కట్ట విప్పుతుండగా ఆమె ఫోను మోగింది. స్పీకరులో పెట్టి పక్కన ఉంచింది.

“పుస్తకం దొరికిందా మే?” భూలక్ష్మి గొంతే, కొంచెం బొంగురుపోయింది. “మా మండలం ఆఫీసులో లీవు పెట్టేసినా. సోమవారం వస్తాండా. ఉద్యోగాలు చేసేటోళ్ళకు పిహెచ్‌డి సీట్లు ఈ ఏడు మాత్రమే ఉండాయంట, ఇంగ నా వయసుకు ఇదే కడాపటిది. పరీక్ష కంప్యూటర్లో అయినా కరణాలు కంప్యూటర్లోకి రాకుండా పోరు కదా.”

“వెతుకుతాండా,” అంది సుంకులమ్మ. అప్పటికే ఆమె చెయ్యి నా మీద ఉంది.

రద్దు పుస్తకాల జాబితాలో వెతికితే నా పేరు లేదు. ఎప్పుడో పోయిన పుస్తకాన్ని కదా. రికార్డులో లేనిదాన్ని పారేయడానికి కూడా వీల్లేదు. ప్రభుత్వ పాలనలో ఇదొక సౌకర్యం. సుంకులమ్మ నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. నా జీవితంలో మొదటిసారి గేటు దాటాను. వెన్నుకు జిగురు రాసింది, చెద కొరికిన అంచులు కత్తిరించింది. అన్నం తింటూ పదకొండో అధ్యాయం తిరగేసింది. రెండు వందల అరవయ్యో పేజీ మీద చారు చుక్క పడింది. నలభై ఏళ్ళ కోరిక తీరింది కదా అని కళ్ళు తిప్పి చూస్తే బల్ల మీద గోధుమరంగు అట్ట. అట్ట నలిగి మెత్తబడిపోయింది. చారు మరకలు దాని మీద లెక్కలేనన్ని ఉన్నాయి.

సోమవారం పొద్దున నన్ను తెచ్చి 350 అరలో నా పాత చోట నిలబెట్టింది. నా పక్కనే ఆ నోటుబుక్కును కూడా పెట్టింది. అది అక్కడ ఉండాల్సినది కాదు. దానికి నంబరు లేదు, ముద్ర లేదు. పంతొమ్మిది నిమిషాలు గడియారం చూసుకుంటూ వరస చివర నిలబడింది సుంకులమ్మ.

భూలక్ష్మి వచ్చింది. లావయింది, కళ్ళద్దాలు వచ్చాయి. నడక మాత్రం అదే. నేరుగా అర దగ్గరకు వచ్చి, నన్ను చూసి, పోయిన చుట్టం ఎదురొచ్చినట్టు నవ్వింది. నన్ను తీసుకుంటుండగా పక్కనున్న నోటుబుక్కు కనబడింది. అట్ట తెరిచింది. తన చేతిరాత. నవ్వు ఆగిపోయింది. తల తిప్పి చూసింది.

“యాడ దొరికింది మే ఈ పుస్తకం?”

“అది పోలేదు,” అంది సుంకులమ్మ. “నేనే దాచినా. పైన, పట్టుపురుగుల కాడ. నువ్వు నోట్సు తెచ్చిచ్చిన పొద్దు నా ఒళ్ళోనే ఉండె.”

భూలక్ష్మి నా పదకొండో అధ్యాయం తెరిచి, మళ్ళీ మూసింది. కోప్పడుతుందనుకున్నాను. గొంతు కూడా పెంచలేదు.

“కరణాల ప్రశ్నకు నాలుగు లైన్లు రాసినా ఆ పొద్దు. ఐదో లైను రాలే. పెన్ను పట్టుకొని అట్లే కూర్చున్యా. అప్పుడు కూడా ఏమనుకున్యానో తెలుసా? నేను రాయకపోతే పాయె, మా సుంకు రాస్తాంటాదిలే అనుకున్యా.”

సుంకులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

“ఇది నాది,” అని భూలక్ష్మి నోటుబుక్కును బ్యాగులో పెట్టుకుంది. “ఆ పుస్తకం లైబ్రరీది. ఉండనీ.” నన్ను అరలో పెట్టి వెళ్ళిపోయింది.

నేను ఎప్పటినుంచో కోరుకున్నది అదే. నోటుబుక్కు పోయింది, సుంకులమ్మ మిగిలింది, నేను మిగిలాను. ఆమె నా ముందు నిలబడి నన్ను ముట్టుకోలేదు. అలాగే నిలబడి, క్లాసుకు గంట కొడితే వెళ్ళిపోయింది. అప్పుడు మొదటిసారి నాకు నా మీదే అసహ్యం వేసింది. ఆ పది రోజులు మల్బరీ పుస్తకాల వెనక నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. నాకు కాళ్ళు లేవు, నోరు లేదు, నేనేం చేయగలను అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ రోజు భూలక్ష్మి రెండు మూరల దూరంలో నిలబడినప్పుడు, ఒక్క పుస్తకమైనా జారి కింద పడాలని కోరుకోలేదు నేను.

మంగళవారం ఎవరూ రాలేదు. బుధవారం కూడా రాలేదు.

గురువారం పొద్దున పది గంటలకు భూలక్ష్మి వచ్చింది. ఎవరివంకా చూడలేదు. నన్ను తీసుకుని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. పదకొండో అధ్యాయం తెరిచింది. కళ్ళద్దాలు సర్దుకుని మొదటి వాక్యం కూడబలుక్కుంది, ఇరవై ఏళ్ళయినా ఆ తంటా పోలేదు. కాసేపటికి చదవడం ఆపింది. తన బ్యాగు తీసి పక్క కుర్చీ మీద పెట్టింది.

పుస్తకాలు పట్టుకుని కుర్చీ కోసం వెతుకుతున్న ఒక విద్యార్థిని వచ్చి అడిగింది. “మేడం, ఇక్కడ ఎవరన్నా ఉండారా?”

భూలక్ష్మి తల ఎత్తలేదు.

“వస్తాది,” అంది.

పదకొండింటికి సుంకులమ్మ క్లాసు అయిపోతుంది. గోడ మీది గడియారంలో ఇంకా పావుగంట ఉంది. భూలక్ష్మి నా పేజీ తిప్పలేదు. మొదటి వాక్యం మీద వేలు పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చుంది. దిండ్ల మీద ఏడ్చాను, చారు మరకల మీద ఏడ్చాను, ఇంగ్లీషు పుస్తకం మీద, నోటుబుక్కు మీద ఏడ్చాను. ఆ బ్యాగు పెట్టిన ఖాళీ కుర్చీ మీద ఏడ్చినంత దేని మీదా ఏడవలేదు.